అన్ని ఫ్లాట్లూ ఒకేలా వస్తుంటే: ఇంటీరియర్ సంస్థ సృజన లక్ష్యాలు పెట్టుకునే పద్ధతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విజయవాడలో అయిదుగురితో నడుస్తున్న ఇంటీరియర్ సంస్థ. ఏడాదికి పది దాకా ఫ్లాట్లు చేస్తున్నారు. పనికి కొరత లేదు, కానీ ఏ ఇంటి ఫొటో చూసినా ఒకటే. నిలువు గాడుల ఫ్లూటెడ్ ప్యానెల్ కొట్టిన టీవీ గోడ, సీలింగ్‌లో గీతలా వెలిగే ప్రొఫైల్ లైటు, పూజ గదికి సీఎన్‌సీ (కంప్యూటర్ మిషన్‌తో కోసిన) జాలీ తలుపు. వచ్చే ఏడాదికి సృజన పరంగా లక్ష్యాలు పెట్టుకోవాలనుకుంటున్నారు. ఎన్ని పెట్టుకోవాలి, ఎలా రాసుకోవాలి, నెరవేరాయో లేదో ఎలా తెలుస్తుంది, క్లయింట్‌కి చెప్పాలా అన్నవి మీ సందేహాలు.

"ఈసారి కొత్తగా చేద్దాం" అన్నది లక్ష్యం కాదు, కోరిక. లక్ష్యం అంటే డ్రాయింగ్‌లో కనబడాలి, బీవోక్యూలో (పనులు, కొలతలు, రేట్ల జాబితాలో) దానికంటూ ఒక లైను ఉండాలి, సైట్‌లో మేస్త్రికి చూపించడానికి ఒక ముక్క ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా మార్చి నెలలో రాసుకున్నది జూన్‌కల్లా మర్చిపోతారు. కింద చెప్పేదంతా ఆ మూడింటినీ ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నదే.

ముందు పాత పని తిరగేయండి. చివరి పది ప్రాజెక్టులు తీసుకుని, ఒక్కోదానికి నాలుగేసి ఫొటోలు ప్రింటు తీయించండి: టీవీ గోడ, మాస్టర్ బెడ్‌రూమ్ మంచం తలవైపు గోడ, కిచెన్, పూజ. నలభై ప్రింట్లు అవుతాయి. కంప్యూటర్‌లో చూస్తే ఈ పని జరగదు, బల్ల మీద పరిచి చూడాలి. ఒకేలా ఉన్నవాటిని కుప్పలు వేయండి. తర్వాత ఒక్కో ఫొటో వెనక ఆ నిర్ణయం ఎవరిదో రాయండి: క్లయింట్ అడిగారా, మీ డిజైనర్ అనుకున్నారా, వడ్రంగి మేస్త్రి "ఇలా అయితే సులువండీ" అన్నాడా, లామినేట్ షాపులో ముందు పెట్టిన క్యాటలాగ్‌లోంచి వచ్చిందా, త్రీడీ (కంప్యూటర్‌లో ఇంటి బొమ్మ) చేసే కుర్రాడి దగ్గర రెడీగా ఉన్న మోడల్లోంచి వచ్చిందా. ఈ బల్ల దగ్గర సైట్ సూపర్‌వైజర్, మేస్త్రి ఇద్దరూ ఉండాలి. వాళ్లు లేకపోతే సగం కారణాలు బయటికి రావు.

ఇలా చేసినప్పుడు సాధారణంగా తేలేదేమిటంటే, ఒకేలా ఉన్న చాలా భాగాల్ని ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించలేదు. అవి వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. క్లయింట్ గట్టిగా పట్టుబట్టి అడిగినవాటి జోలికి పోకండి, అది వాళ్ల ఇల్లు. ఎవరూ నిర్ణయించని చోట్లే మీకు ఖాళీ ఉంది. లక్ష్యాలు అక్కడినుంచే తీయాలి.

ఎన్ని అంటే, అయిదుగురి సంస్థకు ఏడాదికి రెండు. పని పద్ధతికి సంబంధించినది ఇంకొకటి కలిపితే మూడు, అంతకు మించి వద్దు. ఒక కొత్త డీటెయిల్ (ఒక భాగాన్ని ఎలా చేసి, ఎలా బిగించాలన్న తీరు) కాగితం మీద నుంచి నమ్మకంగా ఏ సైట్‌లోనైనా చేయగలిగే స్థాయికి రావాలంటే కనీసం మూడు ఇళ్లలో చేయాలి. ఆరు లక్ష్యాలు పెట్టుకుంటే ఒక్కోటీ ఒక్కో ఇంట్లో ఒకసారి చేసి వదిలేస్తారు. ఫొటోలు మిగులుతాయి, పనితనం మిగలదు.

రాసుకునే తీరు కూడా ముఖ్యం. ఇంట్లో ఏ భాగం, దేంతో, ఎన్ని ఇళ్లలో, ఎంత అదనపు ఖర్చు లోపల, ఎప్పటికి అన్న అయిదూ ఒకే వాక్యంలో ఉండాలి. "స్థానిక కళలకు ప్రాధాన్యం ఇవ్వాలి" అని రాసుకుంటే ఎవరూ ఏమీ చేయరు. "దసరా లోపు మూడు ఇళ్లలో వార్డ్‌రోబ్ నాబ్‌లు ఏటికొప్పాక లక్క పనితో చేయించాలి, ఇంటికి అదనపు ఖర్చు 15 వేలు దాటకూడదు" అని రాసుకుంటే సోమవారం ఉదయం ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

మీ ఊరికీ, మీ తరహా ఇళ్లకీ సరిపోయే లక్ష్యం ఒకటి లోతుగా చెప్తాను. పూజ యూనిట్. తెలుగువాళ్ల ఇంట్లో రోజూ తప్పకుండా వాడే చోటు అది, అయినా అందరూ ఆలోచన పెట్టకుండా చేసే చోటూ అదే. తెల్ల కోరియన్ (రాయిలా కనిపించే కృత్రిమ పలక) పీఠం, వెనక బ్యాక్‌లైట్ వేసిన ఓం గుర్తు, ముందు ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన బోర్డు) జాలీ తలుపు. దీనికి లక్ష్యం ఇలా రాయొచ్చు: "ఈ ఏడాది చేసే ప్రతి పూజ యూనిట్ డిజైన్ దీపం పెట్టే చోటు నుంచి మొదలవ్వాలి. జాలీ, బ్యాక్‌లైట్ మన తరఫున ప్రతిపాదించకూడదు."

దీపం నుంచి మొదలుపెట్టడం అంటే ఏమిటో చూడండి. ముందు అడగాల్సింది పూజ కూర్చుని చేస్తారా, నిలబడి చేస్తారా అని. కూర్చుని చేసేవాళ్లకు పీఠం నేల నుంచి 10, 12 అంగుళాల ఎత్తులో, నిలబడి చేసేవాళ్లకు 30 నుంచి 33 అంగుళాల్లో మొదలుపెట్టి, ఆ ఇంట్లో రోజూ పూజ చేసే మనిషిని నిలబెట్టి సరిచూడాలి. తర్వాత దీపం కుందులు ఎక్కడ, హారతి ఎక్కడ, నూనె ఎక్కడ కారుతుంది అన్నది. నూనె కారే చోట జాయింట్ ఉండకూడదు. కుందుల కింద పూర్తి వెడల్పున బయటికి లాగి కడిగే ఇత్తడి పళ్లెం పెడితే సగం బాధ తీరుతుంది. దానికి పీఠం ముందు అంచున 3, 4 ఎంఎం గట్టు వదలాలి, లేకపోతే పళ్లెం ముందుకు జారుతుంది. దీపం మీద అడుగున్నర లోపు లామినేట్, వెనీర్, ఎండీఎఫ్, యాక్రిలిక్ ఏదీ ఉండకూడదు. లామినేట్ వెంటనే కాలిపోదు, కానీ రోజూ తగిలే సెగకు వెనక జిగురు ఊడి ఏడాదిలో ఉబ్బుతుంది. సీఎన్‌సీ జాలీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. నూనె ఆవిరి, కర్పూరం మసి కలిసి ఆ సన్నని రంధ్రాల అంచుల్లో జిడ్డుగా పేరుకుంటాయి. ఎండీఎఫ్ కోసిన అంచుకు పెయింట్ సరిగా పట్టి ఉండదు కాబట్టి తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ కొంచెం ఉబ్బుతుంది.

రాయి ఎంపికలో చాలామంది పొరపాటు పడతారు. కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల రాయి చూడ్డానికి బాగుంటాయి, కానీ ఇవన్నీ సున్నపురాయి జాతి. ఇత్తడి సామాన్లను మన ఇళ్లలో చింతపండుతోనో నిమ్మచెక్కతోనో తోముతారు. ఆ పులుపు నీళ్లు కారితే సున్నపురాయి మీద పాలిష్ పోయి మచ్చ పడుతుంది, అది తుడిస్తే పోయే మచ్చ కాదు, రాయే తినేసినట్టవుతుంది. పాలరాయికీ అంతే. అందుకే పీఠానికి గ్రానైట్ వాడండి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ మీకు సులువుగా దొరుకుతుంది, మెరుపు ఎక్కువ అనుకుంటే అదే రాయిని లెదర్ ఫినిష్‌లో (మెరుపు తక్కువ, తోలులా గరుకుగా) తీసుకోవచ్చు. కడప బండను వెనక గోడకు వాడండి, అక్కడ పులుపు తగలదు. లెదర్ ఫినిష్‌లో పసుపు, కుంకుమ గుంటల్లో ఇరుక్కుంటాయి, కాబట్టి బొట్లు పెట్టే అంచు మాత్రం పాలిష్ చేయించాలి. ఇలాంటి చిన్న నిర్ణయం ఒక్కటి చాలు, ఆ పూజ యూనిట్ మిగతా ఊళ్లో ఉన్నవాటిలా ఉండదు.

ఇత్తడి రేకు పని కావాలంటే జనగామ దగ్గర పెంబర్తి కళాకారులు ఉన్నారు. గుడి తలుపులకు, కలశాలకు రేకు కొట్టే చేయి అది. ఆర్డర్‌లో రేకు మందం, నగిషీ ఎత్తు, అంచు ఎటువైపు మడవాలో రాయించండి. రేకును ప్లై మీద కాంటాక్ట్ జిగురుతో మాత్రమే అతికిస్తే దీపం వేడికి అంచులు లేస్తాయి. చుట్టూ 75 నుంచి 100 ఎంఎంకి ఒకటి చొప్పున ఇత్తడి మేకులు కొట్టించాలి, ఆ మేకుల వరస కూడా డిజైన్‌లో భాగంగానే గీయాలి. మెరుపు పోకుండా లాకర్ (పారదర్శకమైన పూత) కొట్టిస్తామంటారు. దీపం సెగ తగిలే చోట ఆ పొర పసుపు రంగుకి తిరిగి పెచ్చులూడుతుంది. అక్కడ లాకర్ లేకుండా వదిలేసి, తోముకోవాలని క్లయింట్‌కి ముందే చెప్పడం మేలు.

ఇంతా రాసింది ఎందుకంటే, ఒక లక్ష్యం అంటే ఇన్ని చిన్న నిర్ణయాలు. రెండే పెట్టుకోమన్నది అందుకే.

ఏటికొప్పాక నాబ్‌ల సంగతి పైన ఉదాహరణగా రాశాను, అది నిజంగా చేయదగ్గదే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేతు మీద తిప్పి, సహజ రంగులు కలిపిన లక్క పట్టిస్తారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీకు పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. బొమ్మకు బాగుంటుంది కానీ రోజూ లాగే హ్యాండిల్‌కి పనికిరాదు. అంకుడు దానికన్నా గట్టిది, అయినా నాబ్‌కు నేరుగా స్క్రూ ఎక్కిస్తే ఆరునెలల్లో మర వదులవుతుంది. లోపల ఎం4 (4 ఎంఎం) మర ఉన్న ఇత్తడి గొట్టం, అంటే ఇన్సర్ట్, దిగ్గొట్టించాలి. దానికి నాబ్ మెడ కనీసం 15 ఎంఎం లావుండాలి, లేదంటే కర్ర చీలుతుంది. 18 ఎంఎం ప్లై, ముందు 1 ఎంఎం లామినేట్, వెనక 0.8 లైనర్ (లోపలివైపు వేసే పల్చటి లామినేట్) కలిస్తే షట్టర్, అంటే వార్డ్‌రోబ్ తలుపు, దాదాపు 20 ఎంఎం. మామూలు హ్యాండిళ్లతో వచ్చే 25 ఎంఎం స్క్రూ లోపలికి 5 ఎంఎం కూడా సరిగా దిగదు. 30 ఎంఎం స్క్రూ విడిగా తెప్పించుకోవాలి. ఈ ఒక్క వస్తువు లేక మేస్త్రి సైట్‌లో రోజంతా ఆగిపోయే అవకాశం ఉంది.

లక్కకు రెండు శత్రువులు: వేడి, స్పిరిట్. స్టవ్ పక్క షట్టర్లకు ఈ నాబ్‌లు వద్దు. శానిటైజర్‌తోనో, స్పిరిట్ ఉన్న గ్లాస్ క్లీనర్‌తోనో తుడిస్తే లక్క కరిగి జిగటగా మారుతుంది, మెరుపు పోతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు అని హ్యాండోవర్ కాగితంలో రాయాలి. రంగు ఒక్కో విడతకు కొంచెం తేడా వస్తుంది కాబట్టి యాభై కావాలంటే యాభై అయిదు ఒకేసారి చేయించండి, తర్వాత విరిగినదానికి జత దొరకదు.

బట్టల విషయం త్వరగా చెప్పేస్తాను. పెడన కలంకారీ, మంగళగిరి నేత, పోచంపల్లి ఇక్కత్ ఏదైనా మంచం తలవైపు ప్యానెల్‌కు, వార్డ్‌రోబ్ షట్టర్ ఇన్‌సర్ట్‌కు వాడొచ్చు. సోఫా కూర్చునే భాగానికి వద్దు, అరుగుతుంది. పన్నా ఎంతో ముందే కనుక్కుని ప్యానెల్ వెడల్పు దానికి తగ్గట్టు గీయండి. లేకపోతే మధ్యలో అతుకు పడుతుంది. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగులు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండు ముక్కల డిజైన్ అచ్చంగా కలవదు, ఒకే తానులోంచి తీసుకున్నా సరే. సహజ రంగుల కలంకారీ పడమటి కిటికీ ఎదురుగా పెడితే వెలిసిపోతుంది. గాజు వెనక పెట్టేటప్పుడు గాజుకు బట్ట తగలకుండా 3 ఎంఎం సందు వదలాలి. మన తీరప్రాంతపు తేమకు గాజు చెమర్చి మచ్చలు పడతాయి. షట్టర్‌కి ఒకవైపే బట్ట అతికించి రెండోవైపు ఖాళీగా వదిలినా, లైనర్ వేయకపోయినా షట్టర్ వంగుతుంది. రెండు వైపులా సమానమైన పొర ఉండాలి.

రెండో లక్ష్యంగా వెలుగును తీసుకోమని నా సలహా, ఎందుకంటే ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ. "ఏ గదిలోనూ సీలింగ్ డౌన్‌లైట్ల మీదే ఆధారపడకూడదు, ప్రతి గదిలో మూడు విడి స్విచ్‌ల మీద మూడు రకాల వెలుగు ఉండాలి" అని రాసుకోండి. గది మొత్తానికి ఒకటి, పనికి ఒకటి, గోడకో వస్తువుకో ఒకటి. హాలు, పడకగదుల్లో 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), కిచెన్ గట్టు మీద 4000 (కొంచెం తెల్లటిది), సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత అసలుగా కనబడతాయో చెప్పే అంకె) 90 లేదా అంతకన్నా ఎక్కువ. ఈ సీఆర్‌ఐ విషయం క్లయింట్‌కి పట్టు చీర ఒకటి కింద పెట్టి రెండు లైట్లు మార్చి చూపిస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇది కుదరకపోవడానికి కారణం డిజైన్ కాదు, సమయం. బిల్డర్ ఇచ్చిన ఫ్లాట్‌లో గదికి ఒకటో రెండో పాయింట్లుంటాయి. మూడు స్విచ్‌లు కావాలంటే బోర్డు బాక్సు పెద్దది మార్చాలి, గోడ కొట్టాలి. ఆ నిర్ణయం ఫాల్స్ సీలింగ్ ఫ్రేమ్ ఎక్కకముందే జరగాలి. అందుకని లైటింగ్ డ్రాయింగ్ మీద క్లయింట్ సంతకం లేకుండా సీలింగ్ పని మొదలుపెట్టకూడదన్న నియమం లక్ష్యంతో పాటే రాసుకోండి.

సైట్‌లో తరచు చెడేవి కొన్ని. కోవ్ (సీలింగ్ అంచున లైటు దాచే గాడి) లోపల ఎల్‌ఈడీ స్ట్రిప్‌కీ స్లాబ్‌కీ మధ్య 100 ఎంఎం కన్నా తక్కువ ఉంటే వెలుగు పరుచుకోదు, అంచున తెల్ల గీతలా కనిపిస్తుంది. 12 వోల్టుల స్ట్రిప్‌ను 5 మీటర్లు దాటించి ఒకే చివర నుంచి కరెంటిస్తే రెండో చివర మందగిస్తుంది. పొడవు ఎక్కువుంటే 24 వోల్టులు తీసుకోండి. డ్రైవర్ (స్ట్రిప్‌కు తగిన కరెంటు ఇచ్చే పెట్టె) సామర్థ్యంలో 80 శాతానికి మించి లోడు పెట్టొద్దు. మీటరుకు 10 వాట్ల స్ట్రిప్ 6 మీటర్లంటే 60 వాట్లు, దానికి 75 వాట్ల డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్‌ను జిప్సం బోర్డు లోపల పాతిపెట్టేస్తే అది పోయిన రోజు సీలింగ్ కోయాలి. వార్డ్‌రోబ్ పైన లాఫ్ట్ వైపు తీయగలిగే చోట పెట్టండి. ఫ్యాన్ సంగతి మర్చిపోవద్దు. 1200 ఎంఎం ఫ్యాన్ నడి మధ్య నుంచి మూడడుగుల లోపు డౌన్‌లైటు ఉంటే రెక్కల నీడ గోడ మీద దడదడలాడుతుంది. త్రీడీలో ఫ్యాన్ తిరగదు కాబట్టి అక్కడ కనబడదు, గృహప్రవేశం రోజు కనబడుతుంది.

త్రీడీ మాట వచ్చింది కాబట్టి మూడో లక్ష్యం, పని పద్ధతిది. "ఆఫీసులో చేతికి అందే శాంపిల్, దాని కోడ్ లేని ఏ మెటీరియల్‌నీ త్రీడీలో వాడకూడదు." ఇది పాటించడం కష్టం, కానీ ఇళ్లు ఒకేలా రావడాన్ని ఇంతగా ఆపేది ఇంకోటి లేదు. త్రీడీ ముందు చూపిస్తే, లైబ్రరీలో ఉన్న రెడీమేడ్ మోడళ్లే మీ డిజైన్ అయిపోతాయి. పైగా బొమ్మలో కనిపించిన ఆ రాయి బజారులో దొరకదు, దానికి దగ్గరగా ఉన్న లామినేట్ వేస్తారు, క్లయింట్ ముఖం చిన్నబుచ్చుకుంటారు. ముందు ప్లాన్, తర్వాత చేత్తో గీసిన స్కెచ్, తర్వాత ఒక ట్రేలో అసలు ముక్కలు, చివర త్రీడీ. ట్రేలో కనీసం ఏ4 సైజు ముక్కలుండాలి, క్యాటలాగ్‌లోని చిన్న చిప్ చూసి పెద్ద గోడకు రంగు ఎంచలేరు. ఆ ట్రేను ఆఫీసు ట్యూబ్‌లైటు కింద చూపించి ఊరుకోకండి, ఆ ఫ్లాట్‌కి తీసుకెళ్లి ఏ గోడకు వేస్తారో ఆ గోడ దగ్గర పెట్టి చూపించండి.

ఇక డబ్బు, గంటలు. మీ అయిదుగురిలో డిజైన్ చేసేవాళ్లు ఇద్దరనుకుందాం. రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు, ఇద్దరికీ 400 గంటలు. అందులో 5 శాతం, అంటే నెలకు 20 గంటలు ఈ లక్ష్యాలకు కేటాయించండి. మనిషికి వారానికి రెండున్నర గంటలు. ఈ గంటలు క్యాలెండర్‌లో గీసి ఉండాలి, "ఖాళీ దొరికినప్పుడు" అంటే ఎప్పుడూ దొరకదు. డబ్బు విషయానికొస్తే ప్రతి ప్రాజెక్టు విలువలో 1 శాతాన్ని "శాంపిళ్లు, మాకప్ (ముందుగా చేసి చూసే నమూనా)" అని బీవోక్యూలో విడి లైనుగా చూపండి. 14 లక్షల పనికి 14 వేలు, అలాంటివి పది చేస్తే ఏడాదికి లక్షా నలభై వేలు. మీ రెండు లక్ష్యాలకు అది సరిపోతుంది. బేరమాడేటప్పుడు క్లయింట్ మొదట కొట్టేయమనేది ఈ లైనే. అక్కడ తగ్గకండి, తగ్గించక తప్పకపోతే వేరేచోట తగ్గించండి. ఈ లైను పోతే మాకప్ ఉండదు, మాకప్ లేకపోతే మొదటి ప్రయోగం క్లయింట్ ఇంటి గోడ మీదే జరుగుతుంది.

ఇక్కడ ఒక విషయం చాలా సంస్థలు గమనించవు. వడ్రంగి మేస్త్రికి మీరు లేబర్ చదరపు అడుగు లెక్కన ఇస్తారు. కొత్త డీటెయిల్ చేస్తే అతనికి రోజుకు అయ్యే అడుగులు తగ్గుతాయి, ఇంటికి పట్టుకెళ్లే డబ్బు తగ్గుతుంది. అందుకే అతను క్లయింట్‌తో "అది నిలవదండీ, మామూలుదే వేయించుకోండి" అంటాడు. అతని తప్పేమీ లేదు. మాకప్‌కీ, మొదటి సైట్‌లో ఆ భాగానికీ రోజుకూలి లెక్కన ఇవ్వండి. రెండో సైట్‌లో ఎంత సమయం పట్టిందో చూసి పీసు రేటు ఇద్దరూ కలిసి కట్టండి. మేస్త్రికి నష్టం లేదని తెలిసిన రోజు నుంచి మంచి సలహాలు అతని దగ్గరే వస్తాయి.

మాకప్ అంటే పూర్తి కొలతల్లో రెండడుగుల మూల ఒకటి. అసలు ప్లై, అసలు ఎడ్జ్ బ్యాండ్, అసలు హార్డ్‌వేర్. మూలే ఎందుకంటే ఏ డీటెయిల్ అయినా చెడేది అంచున, రెండు మెటీరియళ్లు కలిసే చోట. దాన్ని మూడు వారాలు ఆఫీసులో అందరూ వాడే చోట ఉంచండి. పాంట్రీ పక్కన అయితే నూనె, నీళ్లు, తడి చేతులు అన్నీ తగులుతాయి.

వీటికి టైమెప్పుడు అంటారా, పంచాంగం చూడండి. వైశాఖం, శ్రావణం, కార్తీకం, మాఘం నెలల్లో గృహప్రవేశం గడువులతో ఊపిరాడదు, అప్పుడు కొత్త పని పెట్టుకుంటే ముందు బలయ్యేది అదే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం ఉన్న రోజుల్లో గడువుల ఒత్తిడి తగ్గుతుంది. మాకప్‌లు, కళాకారుల ఊళ్లకు ప్రయాణాలు అప్పుడు పెట్టుకోండి. మూఢం ఏటా మారుతుంది కాబట్టి ఉగాదికి కొత్త పంచాంగం రాగానే తేదీలు గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టేయండి. ఒక జాగ్రత్త: ఆషాఢం, భాద్రపదం వానల్లో పీయూ (పాలీయురెథేన్) పాలిష్ శాంపిళ్లు చేయించకండి. గాల్లో తేమ ఎక్కువుంటే బుడగలు, మసక వస్తాయి, మంచి ఫినిష్‌ను అనవసరంగా పక్కన పెట్టేస్తారు. పాలిష్ శాంపిళ్లు పుష్యంలో.

ఆ ఖాళీల్లోనే మూడు నెలలకొకసారి ఒక పాత కట్టడానికి టేపు పట్టుకుని వెళ్లండి. కోనసీమ మండువా లోగిలి కావచ్చు, హైదరాబాద్‌లో పైగా అనే నవాబుల వంశం సమాధుల సున్నపు జాలీలు కావచ్చు. ఫొటోలు తీసుకొచ్చి నగిషీ కాపీ కొట్టడానికి కాదు. గడప ఎత్తెంత, స్తంభాల మధ్య దూరమెంత, జాలీలో రంధ్రం ఎంత, పట్టీ ఎంత, మందం ఎంత అని కొలిచి ఒక ఏ3 కాగితం మీద గీయండి. ఆ సమాధుల జాలీ పక్కన మన 12 ఎంఎం ఎండీఎఫ్ జాలీ ఎందుకు పేలవంగా ఉంటుందో ఆ మందం కొలిస్తే తెలుస్తుంది. లోతు లేని చోట నీడ పడదు.

లక్ష్యం నెరవేరిందా అన్నది ఇన్‌స్టా లైకులతో కొలవకండి. నాలుగు ప్రశ్నలు చాలు. గీసినట్టే సైట్‌లో వచ్చిందా, ఎక్కడ మారింది? అనుకున్న అదనపు ఖర్చు లోపల ఉందా? మూడోసారి చేసేటప్పుడు డ్రాయింగ్‌కీ, సైట్‌లోనూ పట్టిన సమయం తగ్గిందా? ఆరునెలల తర్వాత వెళ్లి చూస్తే ఎలా ఉంది? ఈ చివరిదాన్ని అందరూ వదిలేస్తారు, కానీ ఊడిన అంచు, వెలిసిన బట్ట, మసి పట్టిన చోటు అప్పుడే కనబడతాయి. ప్రతి డీటెయిల్‌కీ ఒక ఫైలు పెట్టి అందులో 1:1 (అసలు కొలతల) డ్రాయింగ్, కటింగ్ లిస్టు, ఎవరి దగ్గర చేయించారు, ఎన్ని వారాలు పట్టింది, రేటు, ఏం చెడింది, ఎలా శుభ్రం చేయాలి అన్నీ రాయండి. డిజైనర్ ఉద్యోగం మారి వెళ్లిపోయినా ఆ ఫైలు మీ దగ్గరే ఉంటుంది. మూడు సైట్లలోనూ గీసినట్టు రాకపోతే ఆ డీటెయిల్‌ను ఆపేయండి. నాలుగో క్లయింట్ మీద పరీక్షించడం న్యాయం కాదు.

చివరగా, క్లయింట్‌కి చెప్పాలా అన్నది. మీ లక్ష్యాల జాబితా వాళ్లకు చూపించనక్కర్లేదు, "మా ఈ ఏడాది ప్రయోగం మీ ఇల్లు" అన్నట్టు వినబడుతుంది. మాకప్ చూపించండి, ముట్టుకోనివ్వండి. వాస్తు ప్రకారం పూజ ఈశాన్యంలో, పొయ్యి ఆగ్నేయంలో అన్న పట్టింపులు మొదటి మీటింగ్‌లోనే రాసుకోండి. అవి ప్లాన్‌ను బిగిస్తాయి కానీ, పైన చెప్పిన ఏ లక్ష్యానికీ అడ్డురావు. నచ్చిన శాంపిల్ వెనక తేదీ వేసి క్లయింట్ సంతకం, మీ సంతకం పెట్టి దాన్ని రెండు ముక్కలు చేయండి, ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. చేతిపనిలో రంగు, గీత కొంత తేడా వస్తుందని, ఎంత తేడా దాకా ఒప్పుకుంటారో చూపించే రెండో శాంపిల్ మీద కూడా సంతకం తీసుకోండి. ఒప్పందంలో ఆ రెండు శాంపిళ్ల నంబర్లూ రాసి, వాటి తయారీకి పట్టే వారాలు గృహప్రవేశం తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి ఆర్డర్ ఇవ్వాల్సిన ఆఖరు తేదీ వేయండి. ఆ తేదీ లోపు అడ్వాన్స్ రాకపోతే మామూలు హ్యాండిల్, మామూలు ప్యానెల్ పడుతుందని అదే కాగితంలో ఉండాలి.